ట్యాంకు లోపలి ఇంధన పంపు (పాత కార్లలో అమరిక)

ట్యాంకు లోపలి ఇంధన పంపు అనగా మోటారు వాహనపు పెట్రోలు ట్యాంకులోనే మునిగి ఉండి, పెట్రోలును పీడనంతో ఇంజనుకు పంపే విద్యుత్ పంపు. 1980ల నుండి పెట్రోలు కార్లలో ఈ రకపు పంపు క్రమంగా సర్వసాధారణమైనది. అంతకుముందు తయారైన కార్లలో అధిక భాగానికి, ఇంజనుకు బిగించిన యాంత్రిక పంపు ట్యాంకు నుండి పెట్రోలును పీల్చి కార్బురేటరుకు అందించేది. పాత కార్లను నేటికీ రోడ్డుపై నడిపేవారు, ముఖ్యంగా కార్బురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షను అమర్చుకునేవారు, యాంత్రిక పంపును తొలగించి ట్యాంకులో ఆధునిక పంపును అమర్చుకుంటున్నారు.

ఈ మార్పు ఒక్క విడిభాగంతో ముగిసేది కాదు. దీనితో పీల్చే వ్యవస్థ స్థానంలో నెట్టే వ్యవస్థ వస్తుంది. ఇంజెక్షను అమర్చిన కారులో ఇంధన పీడనం సుమారు పదింతలు అవుతుంది. అందువలన ట్యాంకు, గొట్టాలు, వడపోతలు, గాలి మార్గాలు, విద్యుత్ తీగలు అన్నీ కొత్త పనికి తగినట్లు మార్చవలసి ఉంటుంది. వీటిలో ఒకటి పాతదిగా మిగిలిపోయినా దారిలో కారు ఆగిపోవచ్చు, లేదా అగ్నిప్రమాదం జరగవచ్చు.

చరిత్ర

తొలి కార్లలో ఇంధన పంపు ఉండేది కాదు. 1908లో విడుదలైన ఫోర్డ్ మోడల్ టి కారులో ట్యాంకు సాధారణంగా ముందు సీటు కింద ఉండేది. పెట్రోలు తన బరువుతోనే కార్బురేటరులోకి దిగేది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారుగా ఉన్న ఎత్తు ఎక్కవలసి వస్తే కార్బురేటరు ట్యాంకు కంటే పైకి వచ్చి ఇంజను ఆగిపోయేది. అందుచేత డ్రైవర్లు కారును వెనక్కు తిప్పి రివర్స్ గేరులో కొండ ఎక్కించేవారు. 1927లో వచ్చిన మోడల్ ఎ కారులో ట్యాంకును ముందు అద్దం కింది భాగానికి ఎత్తి ఈ ఇబ్బందిని తగ్గించారు. అయితే పెట్రోలు ప్రయాణికుల మోకాళ్ళ ముందుకు చేరింది.

భద్రత దృష్ట్యా ట్యాంకును కారు వెనుక భాగానికి మార్చినపుడు పెట్రోలును ముందుకు తెచ్చే సాధనం అవసరమైనది. 1920ల చివరి నుండి యాంత్రిక పంపు వాడుకలోకి వచ్చింది. ఇంజను కాంషాఫ్టుపై ఉండే ఒక వంకర చక్రం పంపు చేతిని ఆడిస్తుంది. ఆ చేయి రబ్బరు పూత గల ఒక పొరను కిందికి లాగినపుడు ట్యాంకు నుండి పెట్రోలు లోనికి వస్తుంది. పొర కింది స్ప్రింగు దానిని తిరిగి పైకి నెట్టినపుడు పెట్రోలు కార్బురేటరుకు పోతుంది. ఈ పంపు ఇచ్చే పీడనం సాధారణంగా చదరపు అంగుళానికి 4 నుండి 7 పౌండ్లు, అనగా 0.3 నుండి 0.5 బార్ వరకు ఉంటుంది. కార్బురేటరుకు ఇది సరిపోతుంది.

ట్యాంకులో పంపును ముంచే ఆలోచన ఇంజెక్షనుతో పుట్టినది కాదు. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైప్ కారు తొలి మోడళ్ళలో కార్బురేటర్లు ఉన్నప్పటికీ, లూకాస్ సంస్థ పంపు ట్యాంకులోనే ఉండేది. 1964లో 4.2 లీటర్ల ఇంజను వచ్చినపుడు దాని స్థానంలో ట్యాంకు బయట అమర్చే ఎస్‌యు పంపును వాడారు. 1971 మోడల్ షెవర్లే వేగా కారులో కూడా పంపు ట్యాంకు లోపల ఉండేది. బాష్ సంస్థ 1967లో ప్రవేశపెట్టిన డి-జెట్రానిక్ ఇంజెక్షను సుమారు 2 బార్ పీడనంతో పనిచేసేది. తరువాతి ఇంజెక్షను వ్యవస్థలలో 3 నుండి 4 బార్ పీడనం సాధారణమైనది. ఇంత పీడనాన్ని పొర గల యాంత్రిక పంపు ఇవ్వలేదు.

ఆవిరి అడ్డంకి

పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. వీటిలో తేలికైనవి సాధారణ వాతావరణ పీడనం వద్ద సుమారు 35 డిగ్రీల సెల్సియస్ నుండే మరగడం ప్రారంభిస్తాయి. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత ఇంకా తగ్గుతుంది.

యాంత్రిక పంపు ఇంజను ప్రక్కన వేడిలో ఉంటుంది. ట్యాంకు నుండి అక్కడి వరకు ఉన్న గొట్టమంతా పీల్పుడుకు లోనై వాతావరణ పీడనం కంటే తక్కువ పీడనంలో ఉంటుంది. అందుచేత వేసవిలో, రద్దీలో, లేదా వేడి ఇంజనును కొద్దిసేపు ఆపినపుడు ఆ గొట్టంలోని పెట్రోలు ఆవిరి బుడగలుగా మారుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు కాని ఆవిరిని సరిగా నెట్టలేదు. దానితో కార్బురేటరుకు పెట్రోలు అందక ఇంజను ఆగిపోతుంది. దీనినే మెకానిక్‌లు వేపర్ లాక్ అంటారు. పంపు చల్లబడేవరకు ఆగడం, పంపుపై తడి గుడ్డ కప్పడం దీనికి రోడ్డుపై చేసే పాత చిట్కాలు.

నేటి పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా ఈ సమస్యకు కొంత కారణం. 10 శాతం వరకు ఇథనాల్ కలిపినపుడు మిశ్రమపు ఆవిరి పీడనం పెరుగుతుంది. అనగా బుడగలు మరింత తేలికగా ఏర్పడతాయి. అదీగాక పాత పంపులలోని రబ్బరు పొరలు, పాత గొట్టాలు ఇథనాల్‌ను దృష్టిలో ఉంచుకొని తయారైనవి కావు.

పంపును ట్యాంకులో ఉంచితే ఈ అమరిక తలక్రిందులవుతుంది. పంపు నోటివద్ద ఎల్లప్పుడూ పెట్రోలు ఉంటుంది. అక్కడి నుండి ఇంజను వరకు గొట్టమంతా వాతావరణ పీడనం కంటే ఎక్కువ పీడనంలో ఉంటుంది. 3 బార్ పీడనం వద్ద, కారు కింద ఉండే మామూలు వేడికి పెట్రోలు గొట్టంలో మరగదు.

నిర్మాణము, పనిచేసే విధానము

ఆధునిక పంపు చిన్న టార్చిలైటు మందంలో ఉండే గుండ్రని లోహపు డబ్బా. దానిలో పైన విద్యుత్ మోటారు, కింద టర్బైను చక్రం లేదా పళ్ళ చక్రాల జత ఉంటాయి. కింది నోటికి సన్నని వడపోత సంచి తగిలించి ఉంటుంది. పీల్చిన పెట్రోలు మోటారు గుండానే ప్రవహించి, దానిని చల్లబరుస్తూ పైభాగం నుండి బయటకు పోతుంది. పై చివర ఉండే ఏకదిశ కవాటం పంపు ఆగిన తరువాత కూడా గొట్టంలో పీడనాన్ని నిలుపుతుంది.

పెట్రోలులో మునిగిన మోటారు నిప్పు పుట్టించదా అనే సందేహం సహజం. పెట్రోలు ద్రవరూపంలో మండదు, దాని ఆవిరి గాలితో కలిసినపుడే మండుతుంది. గాలిలో ఈ ఆవిరి పరిమాణం సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉంటేనే అంటుకుంటుంది. పంపు లోపల పెట్రోలు నిండి ఉంటుంది, గాలి ఉండదు. మామూలు ఉష్ణోగ్రతలలో ట్యాంకు పైభాగంలోని ఖాళీలో ఆవిరి ఈ పరిమితికి మించి చిక్కగా ఉంటుంది. అందువలన ట్యాంకు లోపలి కంటే ట్యాంకు బయట, పెట్రోలు కారి గాలితో కలిసేచోట, ప్రమాదం ఎక్కువ.

పంపు చల్లదనం కోసం పెట్రోలుపై ఆధారపడుతుంది కనుక ట్యాంకును తరచుగా అడుగంటేవరకు నడిపితే పంపు జీవితకాలం తగ్గుతుంది. పెట్రోలు లేకుండా పంపును తిప్పి పరీక్షించరాదు.

పంపు సామర్థ్యాన్ని నిర్ణయించుట

పంపు సామర్థ్యాన్ని గంటకు లీటర్లలో చెబుతారు. పూర్తి శక్తితో పనిచేసే పెట్రోలు ఇంజనుకు ఒక అశ్వశక్తికి గంటకు సుమారు 0.23 కిలోగ్రాముల పెట్రోలు అవసరమని స్థూలంగా లెక్కిస్తారు. 300 అశ్వశక్తి గల ఇంజనుకు ఇది గంటకు 69 కిలోగ్రాములు. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలోగ్రాములు కనుక ఇది 93 లీటర్లకు సమానం. దీనికి నాలుగవ వంతు అదనంగా కలిపితే గంటకు సుమారు 115 లీటర్ల పంపు చాలును. టర్బోఛార్జరు గల ఇంజనుకు ఇంకా ఎక్కువ అవసరమవుతుంది.

సామర్థ్యాన్ని ఏ పీడనం వద్ద, ఏ వోల్టేజి వద్ద కొలిచారో కూడా చూడవలెను. పీడనం పెరిగితే పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. వోల్టేజి తగ్గినా అదే జరుగుతుంది.

పెద్ద పంపు ఎల్లప్పుడూ మేలు కాదు. విపణిలో ప్రసిద్ధమైన గంటకు 255 లీటర్ల పంపును 60 లీటర్ల ట్యాంకులో అమర్చి, మిగులు పెట్రోలు ఇంజను వద్ద నుండి తిరిగి వచ్చేటట్లు చేస్తే, ట్యాంకులోని పెట్రోలంతా గంటకు సుమారు నాలుగుసార్లు ఇంజను వేడిని చుట్టి వస్తుంది. నెమ్మదిగా సాగే రద్దీలో ట్యాంకు వేడెక్కి ఆవిరి ఎక్కువవుతుంది. ఆవిరి సమస్యను తొలగించడానికి అమర్చిన పంపే దానిని మరొక చోట పుట్టిస్తుంది.

ట్యాంకు

పంపును ట్యాంకులోకి చేర్చడానికి మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

1. పంపు కోసం గుంట, లోపలి అడ్డుగోడలు, పై మూత ముందే అమర్చి తయారుచేసిన కొత్త ట్యాంకును వాడుట. ఎక్కువ సంఖ్యలో అమ్ముడైన అమెరికా కార్లకు ఇవి లభిస్తాయి. ఖర్చు ఎక్కువైనా ఇది అన్నింటికంటే సురక్షితమైనది. అసలు ట్యాంకును చెక్కుచెదరకుండా దాచుకోవచ్చు.

2. ఉన్న ట్యాంకు పైభాగంలో గుండ్రని రంధ్రం కోసి, పంపు వేలాడే మూతను బిగించుట. ఇటువంటి అమరికలతోపాటు పెట్రోలు ఊగకుండా ఆపే స్పంజి వంటి తొట్టె కూడా వస్తుంది.

3. పెట్రోలు మట్టాన్ని చూపే మీటరు అమర్చే రంధ్రం ద్వారానే, మీటరు, పంపు కలిసి ఉన్న భాగాన్ని దింపుట. రంధ్రం, ట్యాంకు లోతు సరిపోయినపుడే ఇది సాధ్యం.

రెండవ పద్ధతిలో ప్రాణాపాయం కలదు. ఖాళీ అయిన పాత ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరమైనది. అతుకుల మధ్య, తుప్పు పొరల కింద ఇంకిన పెట్రోలు వారాల తరువాత కూడా ఆవిరిని విడుదల చేస్తుంది. ఇప్పుడు లోపల గాలి కూడా ఉంటుంది కనుక మిశ్రమం మండే పరిమితిలోకి వస్తుంది. కోత యంత్రపు నిప్పురవ్వ లేదా వెల్డింగు మంట తగిలితే ట్యాంకు పేలుతుంది. నీటితో కడగడం, కొన్నాళ్ళు ఎండలో ఉంచడం దీనికి సరైన రక్షణ కాదు. ఆవిరితో శుద్ధిచేసి, జడవాయువు నింపి, ఆవిరి మిగలలేదని పరికరంతో కొలిచిన తరువాతే ఆ పనిలో అనుభవం గల సంస్థలు ట్యాంకును కోస్తాయి. పాత అమెరికా ట్యాంకులు అనేకం సీసము, తగరము పూసిన ఉక్కు రేకుతో చేసినవి. వాటిని అరగదీసినపుడు వచ్చే సీసపు ధూళి కూడా హానికరం.

పెట్రోలు ఊగుట మరొక సమస్య. కార్బురేటరులో చిన్న గిన్నె ఉంటుంది. మలుపులో ట్యాంకులోని పెట్రోలు ఒక ప్రక్కకు ఒరిగి, పంపు ఒకటి రెండు క్షణాలు గాలి పీల్చినా గిన్నెలోని నిల్వతో ఇంజను నడుస్తుంది. ఇంజెక్షనుకు అటువంటి నిల్వ లేదు. ఒక్క క్షణం గాలి వచ్చినా ఇంజను తడబడుతుంది. అందుచేత పంపు చుట్టూ తొట్టె వంటి అడ్డుగోడ తప్పనిసరి. తిరిగి వచ్చే పెట్రోలును ఆ తొట్టెలోకే వదిలితే అది ఎప్పుడూ నిండి ఉంటుంది.

పాత ట్యాంకును అలాగే వాడదలచినవారు లోపలి తుప్పును ముందుగా గమనించవలెను. యాంత్రిక పంపు సహించిన తుప్పు పొడి ఆధునిక పంపును కొద్ది రోజులలో అరగదీస్తుంది.

గొట్టాలు, వడపోతలు

పాత కార్ల రబ్బరు గొట్టాలు అర బార్ పీడనానికి ఉద్దేశించినవి. 3 లేదా 4 బార్ పీడనంలో అవి పగలవచ్చు, లేదా అతుకు వద్ద జారిపోవచ్చు. చిరిగిన గొట్టం నుండి యాంత్రిక పంపు వద్ద పెట్రోలు బొట్లుగా కారితే, అధిక పీడనంలో అది సన్నని తుంపరగా చిమ్ముతుంది. వేడి ఎక్సాస్టు గొట్టం దగ్గర ఆ తుంపర అతి సులభంగా అంటుకుంటుంది.

గొట్టాలను వాటిపై ముద్రించిన ప్రమాణ సంఖ్యను బట్టి ఎంచుకుంటారు. ముఖ్యమైనవి:

ఎస్‌ఏఈ జె30ఆర్7: కార్బురేటరు పీడనానికి మాత్రమే తగినది.

ఎస్‌ఏఈ జె30ఆర్9: ఇంజెక్షను పీడనానికి తగినది. లోపలి పొర పెట్రోలును తట్టుకుంటుంది, బయటి పొర మాత్రం పెట్రోలులో మునిగి ఉండటానికి ఉద్దేశించినది కాదు.

ఎస్‌ఏఈ జె30ఆర్10: లోపల, బయట పెట్రోలును తట్టుకునేది. ట్యాంకు లోపల పంపునుండి మూత వరకు ఉండే చిన్న గొట్టానికి ఇదే వాడవలెను.

మూడవ రకానికి బదులు రెండవ రకాన్ని ట్యాంకులో ముంచడం తరచుగా జరిగే పొరపాటు. కొన్ని నెలలకు గొట్టం ఉబ్బి, మెత్తబడి, ట్యాంకు లోపలే పగులుతుంది. బయట ఎక్కడా కారదు, పంపు మోత వినిపిస్తూనే ఉంటుంది, కాని ఇంజనుకు పీడనం అందదు. కారణం ట్యాంకు విప్పేవరకు తెలియదు.

రబ్బరు గొట్టపు నిడివిని వీలైనంత తగ్గించి, మిగిలిన దూరమంతా ఉక్కు లేదా నికెల్ కలిసిన రాగి గొట్టం వేస్తారు. గొట్టాన్ని ఎక్సాస్టుకు దూరంగా, ఛాసిస్ లోపలి వైపున క్లిప్పులతో బిగిస్తారు. లోహపు గొట్టం చివర రబ్బరు జారిపోకుండా ఉబ్బు తీయవలెను. మరచుట్టు గల సాధారణ క్లిప్పులు రబ్బరును కోస్తాయి కనుక అంచులు నునుపుగా ఉండే ఇంజెక్షను క్లిప్పులను వాడతారు.

పంపుకు ముందు సుమారు 100 మైక్రాన్ల ముతక వడపోత, పంపు తరువాత సుమారు 10 మైక్రాన్ల సన్నని వడపోత ఉంచుతారు. సన్నని వడపోతను పంపు ముందు ఉంచితే పీల్పుడు కష్టమై పంపు నోటివద్దనే ఆవిరి బుడగలు ఏర్పడతాయి.

పీడన నియంత్రణ, తిరుగు మార్గము

పంపు ఎల్లప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, ఇంజను అవసరం మాత్రం మారుతూ ఉంటుంది. మిగులు పెట్రోలును రెగ్యులేటరు ట్యాంకుకు తిప్పి పంపుతుంది. రెగ్యులేటరు ఇంజను వద్ద ఉంటే ట్యాంకు వరకు రెండవ గొట్టం కావలెను. ట్యాంకు దగ్గరే ఉంటే ముందుకు ఒక్క గొట్టం చాలును, ఇంజను వేడి కూడా ట్యాంకుకు చేరదు. షెవర్లే కార్వెట్ కారులో వాడిన, రెగ్యులేటరు లోపలే గల వడపోతను ఈ రెండవ విధానానికి విరివిగా వాడతారు. దాని పీడనం చదరపు అంగుళానికి 58 పౌండ్లు, అనగా 4 బార్.

కార్బురేటరును అలాగే ఉంచి ట్యాంకు పంపును మాత్రమే అమర్చుకునేవారు కూడా కలరు. అప్పుడు తక్కువ పీడనపు పంపును ఎంచుకొనవలెను, లేదా తిరుగు మార్గం గల రెగ్యులేటరుతో పీడనాన్ని తగ్గించవలెను. లేకపోతే కార్బురేటరు లోపలి సూది కవాటం పీడనాన్ని ఆపలేక పెట్రోలు పొంగి వేడి ఇంజనుపై పడుతుంది. ఎస్‌యు కార్బురేటర్లు మరీ సున్నితమైనవి, వాటికి చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్లు మించరాదు.

ట్యాంకు గాలి మార్గాన్ని విస్మరించరాదు. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోనికి రాకపోతే ట్యాంకు రేకు లోపలికి నొక్కుకుపోతుంది. ఆవిరి బయటకు పోకపోతే మూత తీయగానే పెట్రోలు చిమ్ముతుంది. పాత కార్లలో మూతకు ఉన్న రంధ్రమే గాలి మార్గం. అమెరికాలో కాలిఫోర్నియాలో 1970 నుండి, దేశమంతటా 1971 నుండి, కొత్త కార్లలో ఆవిరిని బొగ్గు డబ్బాలోకి పంపే ఏర్పాటు తప్పనిసరి అయినది. పంపు అమర్చే సమయంలో కారు బోల్తాపడినపుడు మూసుకునే కవాటాన్ని గాలి మార్గంలో చేర్చడం మంచి పద్ధతి.

విద్యుత్ అమరిక

పంపు పీడనాన్ని బట్టి సుమారు 5 నుండి 10 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. పాత కారు ఇగ్నిషన్ స్విచ్చి, దాని తీగలు ఈ భారానికి తయారైనవి కావు. అందుచేత బ్యాటరీ నుండి ఫ్యూజు, రిలే ద్వారా పంపుకు ప్రత్యేక తీగ వేస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని తీగ, అంతే మందం గల ఎర్తు తీగ అవసరం. తుప్పు పట్టిన బాడీ రేకుకు ఎర్తు ఇస్తే వోల్టేజి పడిపోయి పంపు బలహీనమవుతుంది.

డైనమో గల కార్లలో ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు తగినంత విద్యుత్తు పుట్టదు, కనుక ఆల్టర్నేటరు అమర్చుకొనవలసి రావచ్చు. 6 వోల్టుల కార్లకు, బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపిన పాత బ్రిటిషు కార్లకు, ముందుగా ఆ వ్యవస్థనే మార్చవలెను.

యాంత్రిక పంపులో ఒక సహజ రక్షణ ఉన్నది. ఇంజను ఆగితే పంపు కూడా ఆగుతుంది. విద్యుత్ పంపుకు ఈ గుణం లేదు. ప్రమాదంలో గొట్టం తెగి, డ్రైవరు స్పృహ తప్పితే, తాళం చెవి తిప్పి ఉన్నంతవరకు పంపు నిమిషానికి లీటర్లకొద్దీ పెట్రోలును బయటకు చిమ్ముతూనే ఉంటుంది. కనుక కింది రక్షణలలో కనీసం రెండు ఉండవలెను.

ఇంజెక్షను కంప్యూటరు ద్వారా నియంత్రణ: తాళం తిప్పగానే పంపు సుమారు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇంజను తిరుగుతున్నట్లు సంకేతం ఉంటేనే మళ్ళీ తిరుగుతుంది.

ఆయిల్ పీడన స్విచ్చి: ఇంజను ఆయిల్ పీడనం పడిపోతే పంపును ఆపుతుంది. కార్బురేటరు కార్లకు ఇది అనువైనది.

తాకిడి స్విచ్చి: కారుకు గట్టి దెబ్బ తగిలినపుడు విద్యుత్తును తెంచుతుంది. తరువాత చేతితో నొక్కి తిరిగి కలపవలెను.

ఉదాహరణ: ఫోర్డ్ మస్టాంగ్

1964 ఏప్రిల్ 17న విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్ కారు ఈ మార్పుకు తరచుగా ఎంచుకోబడే కార్లలో ఒకటి. తొలి మోడళ్ళలో ట్యాంకు సామర్థ్యం 16 అమెరికన్ గ్యాలన్లు, అనగా సుమారు 60 లీటర్లు. ఈ ట్యాంకును డిక్కీ పైనుండి దింపి బిగిస్తారు. ట్యాంకు పైరేకే డిక్కీకి నేల అవుతుంది.

ఈ నిర్మాణం వలన పని సులువవుతుంది, బాధ్యత పెరుగుతుంది. మరలు విప్పి ట్యాంకును పైకి ఎత్తవచ్చు, పంపు మూతను డిక్కీలోనుండే చేరుకోవచ్చు. కాని పంపు మూత, దాని విద్యుత్ కలయికలు, గొట్టపు అతుకులు డిక్కీలోకి వస్తాయి. డిక్కీకి, ప్రయాణికులకు మధ్య వెనుక సీటు తప్ప గట్టి అడ్డుగోడ లేదు. అక్కడ పెట్రోలు కారితే ఆవిరి నేరుగా ప్రయాణికుల వద్దకు చేరుతుంది. కనుక మూత గాస్కెట్ ఇథనాల్‌ను తట్టుకునేదై ఉండవలెను. సామాను తగలకుండా మూతపై లోహపు కప్పు వేయవలెను. సీటు వెనుక ఉక్కు రేకు అడ్డుగోడ అమర్చడం మరింత క్షేమం.

పెట్రోలు మీటరు కూడా సరిచూడవలసిన అంశం. ఆ కాలపు ఫోర్డ్ మీటర్లు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు 73 ఓములు, నిండుగా ఉన్నప్పుడు 10 ఓములు ఇచ్చే ఫ్లోటుకు తయారైనవి. 1965 తరువాతి జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి సున్న, నిండుకు 90 ఓములు. ఒకదాని ఫ్లోటును మరొకదాని మీటరుకు కలిపితే ముల్లు తప్పు చూపుతుంది.

ఇంజను వైపున యాంత్రిక పంపును తీసివేసిన చోట గాస్కెట్‌తో లోహపు మూత బిగించవలెను. లేకపోతే ఆ రంధ్రం నుండి ఇంజను ఆయిల్ కారుతుంది.

భారతదేశంలో

హిందుస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు దశాబ్దాల పాటు యాంత్రిక పంపు, కార్బురేటరులతో నడిచినవి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. 2000 ప్రాంతంలో కాలుష్య ప్రమాణాలు కఠినం కావడంతో కొత్త భారతీయ కార్లు ఇంజెక్షనుకు, ట్యాంకు లోపలి పంపుకు మారినవి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. అటువంటి ఎండలో పాత కార్లకు ఆవిరి అడ్డంకి సాధారణ అనుభవం. 2023 నుండి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశంలో అమ్మకానికి వచ్చింది. అందువలన పంపు మార్చనివారు కూడా పాత రబ్బరు గొట్టాలను, పంపు పొరను ఇథనాల్‌కు తగినవాటితో మార్చుకొనవలసిన అవసరం ఏర్పడినది.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2021లో వెలువడిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, తొలి నమోదు నుండి 50 సంవత్సరాలు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే ఆ గుర్తింపు లభిస్తుంది. అటువంటి కారుకు ఇంజెక్షను అమర్చదలచినవారు ముందుగా రవాణా అధికారులను సంప్రదించడం మంచిది.

పరీక్ష, సాధారణ దోషాలు

అమరిక పూర్తయిన తరువాత, ఇంజను నడపకముందే, ట్యాంకులో కొద్ది లీటర్ల పెట్రోలు పోసి పంపును తిప్పి ప్రతి అతుకును చేతితో, వెలుతురుతో పరీక్షిస్తారు. పొడి రసాయనపు అగ్నిమాపక యంత్రం అందుబాటులో ఉండవలెను. పనిని గాలి ఆడేచోట, బ్యాటరీ తీగ విప్పి చేయవలెను. తరువాత ఎప్పుడు గొట్టం విప్పినా ముందుగా పీడనాన్ని తగ్గించవలెను. సాధారణంగా కనిపించే దోషాలు:

పంపు పెద్దగా మోత చేయుట: వడపోత సంచి మూసుకుపోవుట, గాలి మార్గం లేకపోవుట, లేదా పెట్రోలు అడుగంటుట.

మలుపులలో ఇంజను తడబడుట: తొట్టె లేకపోవుట, లేదా పంపు నోరు ట్యాంకు అడుగుకు చేరకపోవుట.

ఇంజను ఆపగానే పీడనం పడిపోవుట: ఏకదిశ కవాటం చెడుట, ట్యాంకు లోపలి గొట్టం చిరుగుట, లేదా ఇంజెక్టరు కారుట.

వేడెక్కిన తరువాత శక్తి తగ్గుట: సన్నని తీగ లేదా చెడ్డ ఎర్తు వలన వోల్టేజి పడిపోవుట.

డిక్కీలో పెట్రోలు వాసన: పంపు మూత గాస్కెట్ లేదా గాలి గొట్టపు అతుకు వదులగుట. వాసన ఉన్నంతవరకు కారును నడపరాదు.

లాభనష్టాలు

వేసవిలో నమ్మకమైన నడక, వారాలు నిలిపిన కారు కూడా వెంటనే స్టార్టు కావడం, బయట అమర్చిన విద్యుత్ పంపులతో పోలిస్తే తక్కువ మోత దీని ముఖ్య లాభాలు. యాంత్రిక పంపు పొర చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లో కలిసే ప్రమాదం ఉండేది, అది కూడా తొలగిపోతుంది. ఖర్చు, చెడినపుడు ట్యాంకును విప్పవలసి రావడం, రోడ్డు ప్రక్కన మరమ్మతు అసాధ్యం కావడం నష్టాలు. పాత యాంత్రిక పంపును ఒక పొర, రెండు కవాటాలతో చెట్టుకింద కూర్చుని బాగుచేయవచ్చు. ముంచిన పంపు చెడితే మార్చడమే తప్ప బాగుచేయడం లేదు.

కార్బురేటరు, యాంత్రిక పంపులు మంచి స్థితిలో ఉండి, కారు అప్పుడప్పుడు మాత్రమే నడుస్తున్నట్లయితే ఈ మార్పు అవసరం లేదు. గొట్టాన్ని ఎక్సాస్టుకు దూరంగా జరపడం, వేడిని ఆపే రేకు అడ్డుపెట్టడం, రబ్బరు భాగాలు మార్చడం తరచుగా సరిపోతాయి. చారిత్రక వాహనాల విలువ వాటి మూలరూపంపై ఆధారపడి ఉంటుంది. కనుక మార్పు చేసేవారు బాడీని కోయకుండా, అసలు ట్యాంకును, పంపును, గొట్టాలను భద్రపరచి, కారును ఎప్పుడైనా తిరిగి పూర్వస్థితికి తేగలిగే విధంగా పనిచేయడం ఉత్తమమని భావించబడుతున్నది.

ఇవి కూడా చూడండి

కార్బురేటరు
అంతర్దహన యంత్రం
పెట్రోలు
ఇథనాల్
హిందుస్తాన్ అంబాసిడర్